తరగతిలో ఆలోచించవలసింది ఎవరు: విశ్వవిద్యాలయ బోధనలో కొత్త పద్ధతుల విశ్లేషణ

బరువైన లారీ, చిన్న కారు ఎదురెదురుగా వచ్చి ఢీకొన్నాయి. లారీ కారుపై చూపిన బలం ఎక్కువా, కారు లారీపై చూపిన బలం ఎక్కువా, లేక రెండూ సమానమా? రెండు బలాలూ సమానమని చెప్పే న్యూటన్ మూడవ సూత్రాన్ని కంఠతా చెప్పగలిగిన విద్యార్థి కూడా ఈ ప్రశ్న ఎదురైనప్పుడు చాలా తరచుగా లారీ వైపే మొగ్గు చూపుతాడు. అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ హెస్టెనెస్, ఇబ్రహీం హల్లౌన్ 1980లలో ఇటువంటి ప్రశ్నలతో భౌతికశాస్త్ర విద్యార్థులను పరీక్షించి, ఒక సెమిస్టర్ పాటు ఉపన్యాసాలు విన్న తరువాత కూడా వారి మౌలిక భావనలు పెద్దగా మారడం లేదని చూపారు. ఆ ఫలితాలను చదివిన హార్వర్డ్ ఆచార్యుడు ఎరిక్ మజూర్, తన విద్యార్థుల విషయంలో అలా జరగదనే నమ్మకంతో అదే తరహా పరీక్ష పెట్టారు. పరీక్ష మధ్యలో ఒక విద్యార్థిని లేచి, ఈ ప్రశ్నలకు మీరు నేర్పిన ప్రకారం జవాబు రాయాలా, లేక నేను మామూలుగా ఆలోచించే ప్రకారం రాయాలా అని అడిగింది. మజూర్ తరువాతి కాలంలో ఎన్నోసార్లు చెప్పిన ఈ సంఘటనలో విశ్వవిద్యాలయ బోధనకు సంబంధించిన అసలు చిక్కంతా ఇమిడి ఉంది. పాఠం ఒక చోట, విద్యార్థి ఆలోచన మరొక చోట ఉన్నాయి. ఆ రెండూ వేర్వేరుగా ఉన్నాయన్న సంగతి అప్పటిదాకా అధ్యాపకుడికి తెలియలేదు, ఎందుకంటే సూత్రాలలో అంకెలు ప్రతిక్షేపించి లెక్క చేయమనే సాధారణ పరీక్షల్లో ఆ విద్యార్థులకు మంచి మార్కులే వచ్చేవి.

కొత్త బోధనా పద్ధతుల గురించి మాట్లాడేటప్పుడు చర్చ చాలాసార్లు పరికరాల మీదకు, స్మార్ట్ బోర్డుల మీదకు, యాప్‌ల మీదకు మళ్లుతుంది. నిజానికి గత నాలుగు దశాబ్దాల్లో ఫలితం ఇచ్చిన పద్ధతులన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే వాటిని కలిపే సూత్రం యంత్రాలలో కనిపించదు. తరగతి జరుగుతున్న సమయంలో ఆలోచించే పని ఎవరు చేస్తున్నారు, ఆ ఆలోచన తప్పుదారి పట్టినప్పుడు అది అధ్యాపకుడి చెవిన ఎంత త్వరగా పడుతుంది అనే రెండు ప్రశ్నలకు అవి మెరుగైన సమాధానం ఇస్తాయి. మంచి ఉపన్యాసంలో చక్కని ఆలోచన జరుగుతుంది, సందేహం లేదు. అయితే ఆ ఆలోచనలో ఎక్కువ భాగం వేదిక మీద నిలుచున్న వ్యక్తి చేస్తాడు.

ఉపన్యాసం ఒకప్పుడు అవసరంలోంచి పుట్టింది. అచ్చుయంత్రం లేని మధ్యయుగపు యూరప్ విశ్వవిద్యాలయాల్లో పుస్తకం అరుదైన వస్తువు కాబట్టి గురువు చదివి వ్యాఖ్యానిస్తే శిష్యులు రాసుకునేవారు. ఆ అవసరం తీరి శతాబ్దాలు గడిచినా ఆ అమరిక మాత్రం మారలేదు. 2018లో సైన్స్ పత్రికలో ప్రచురితమైన ఒక పరిశీలనలో ఉత్తర అమెరికాలోని 25 సంస్థలకు చెందిన 500 మందికి పైగా అధ్యాపకుల తరగతులను, మొత్తం 2000కు పైగా పాఠాలను, ప్రత్యక్షంగా గమనించి నమోదు చేశారు. వాటిలో సగానికి పైగా ప్రధానంగా ఉపన్యాసాలేనని తేలింది. విద్యార్థుల చేతనే తరగతిలో ఆలోచింపజేసి పని చేయించే క్రియాశీల అభ్యసనం ఫలిస్తుందనడానికి ఆధారాలు లేవని అనలేని విజ్ఞానశాస్త్ర విభాగాలలోనే పరిస్థితి ఇలా ఉండటం గమనించదగినది.

మజూర్ 1991లో మొదలుపెట్టిన పద్ధతిని సహాధ్యాయి బోధన అనవచ్చు. చూడటానికి ఇది చాలా సులువుగా కనిపిస్తుంది, కానీ దాని లోపలి అమరిక శ్రద్ధగా పరిశీలించదగినది. అధ్యాపకుడు కొద్ది నిమిషాలు ఒక భావనను వివరించి, లెక్క కట్టే అవసరం లేకుండా అవగాహనను మాత్రమే పరీక్షించే ఒక బహుళైచ్ఛిక ప్రశ్న వేస్తాడు. విద్యార్థి ఒకటి రెండు నిమిషాలు ఒంటరిగా ఆలోచించి తన జవాబును నమోదు చేస్తాడు. బటన్ నొక్కి జవాబు పంపే క్లిక్కర్ ఉన్నా, ఫోన్ ఉన్నా, చేతిలో ఎత్తి చూపే అట్టముక్క ఉన్నా పని ఒకటే. సరైన జవాబు చెప్పినవారు మరీ తక్కువగా ఉంటే భావన చేరలేదని అర్థం కాబట్టి మళ్లీ వివరించాలి, మరీ ఎక్కువగా ఉంటే ముందుకు సాగిపోవచ్చు. సుమారు 30 నుంచి 70 శాతం మంది సరిగా చెప్పినప్పుడే అసలైన ఘట్టం మొదలవుతుంది. భిన్నమైన జవాబు ఎంచుకున్న పక్కవారిని వెతికి, తన జవాబు ఎందుకు సరైనదో వారికి నచ్చజెప్పమని విద్యార్థులకు చెబుతారు. రెండు మూడు నిమిషాల వాదన తరువాత మళ్లీ జవాబులు నమోదు చేస్తారు, ఆపైన అధ్యాపకుడు విడమరచి చెబుతాడు.

ఈ క్రమంలో మొదటిసారి ఒంటరిగా జవాబు చెప్పే దశ అనవసరమనిపించి కొందరు దాన్ని వదిలేస్తారు. అది పొరపాటు. ముందుగా ఒక పక్షం తీసుకున్న విద్యార్థికి మాత్రమే దాన్ని సమర్థించుకోవలసిన పూచీ ఉంటుంది, తప్పని తెలిసినప్పుడు ఎక్కడ తప్పిందో వెనక్కి వెళ్లి చూసుకునే అవకాశమూ ఉంటుంది. ఏ పక్షమూ తీసుకోని విద్యార్థి సరైన జవాబు విన్నాక తనకు ముందే తెలుసు అనుకుంటాడు. పక్కవారితో చర్చ ఎందుకు పనిచేస్తుందన్న దానికి కూడా ఒక కారణం ఉంది. ఇరవై ఏళ్లుగా ఒక భావనతో జీవిస్తున్న ఆచార్యుడికి అది తెలియని స్థితి ఎలా ఉంటుందో గుర్తుండదు, పది నిమిషాల క్రితమే అర్థం చేసుకున్న విద్యార్థికి తాను ఎక్కడ తట్టుకుని పడ్డాడో ఇంకా పచ్చిగా గుర్తుంటుంది. తెలివైన ఒకరి జవాబును మిగతావారు కాపీ కొడుతున్నారేమో అనే సందేహం సహజమైనదే. కొలరాడో విశ్వవిద్యాలయంలో జన్యుశాస్త్ర తరగతుల్లో మిషెల్ స్మిత్, ఆమె సహచరులు ఈ సందేహాన్ని నేరుగా పరీక్షించారు. చర్చ తరువాత అదే భావనను వేరే రూపంలో అడిగే రెండవ ప్రశ్నను ఒంటరిగా చేయించినప్పుడు జవాబులు మెరుగుపడ్డాయని, మొదట గుంపులో ఎవరికీ సరైన జవాబు తెలియని సందర్భాల్లో కూడా చర్చ వల్ల ప్రయోజనం కలిగిందని 2009లో వారు ప్రకటించారు.

ఇటువంటి పద్ధతుల ఫలితాలపై లెక్కలు కూడా తక్కువేమీ లేవు. ఇండియానా విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ హేక్ 1998లో 62 ప్రారంభ భౌతికశాస్త్ర కోర్సుల్లోని 6542 మంది విద్యార్థుల ఫలితాలను పోల్చారు. కోర్సు మొదట్లో తెలియనిదానిలో చివరికి ఎంత భాగం నేర్చుకున్నారన్నది ఆయన కొలమానం. సంప్రదాయ బోధనలో అది సగటున 0.23, విద్యార్థులను పనిలో పెట్టే బోధనలో 0.48. 2014లో స్కాట్ ఫ్రీమన్ బృందం విజ్ఞానశాస్త్రం, ఇంజనీరింగ్, గణితం బోధించే కోర్సులపై జరిగిన 225 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూసినప్పుడు ఉపన్యాస తరగతుల్లో సగటున 33.8 శాతం మంది, క్రియాశీల తరగతుల్లో 21.8 శాతం మంది ఫెయిలయ్యారని తేలింది. శాతాల్లో చెప్పినప్పుడు చిన్నగా కనిపించే ఈ తేడా 300 మంది ఉన్న తరగతిలో 36 మంది విద్యార్థులతో సమానం. వారిలో కొందరికి ఆ ఒక్క సబ్జెక్టు పోవడం అంటే చదువు మానేయడమే. అధ్యాపకుడి అనుభవం, వాక్చాతుర్యం ఈ తేడాను పూడ్చగలవా అనే ప్రశ్నకు బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో 2011లో వెలువడిన ప్రయోగం ఒక జవాబు ఇచ్చింది. ఒక వారం పాటు ఒక సెక్షన్‌కు విద్యార్థుల మన్నన పొందిన అనుభవజ్ఞుడు ఉపన్యాసం ఇచ్చారు, మరొక సెక్షన్‌కు బోధనానుభవం అంతగా లేని యువ పరిశోధకుడు ప్రశ్నలు, చర్చలు, బృంద అభ్యాసాలతో పాఠం నడిపారు. చివర పెట్టిన పరీక్షలో మొదటి సెక్షన్ సగటు 41 శాతం, రెండవ సెక్షన్ సగటు 74 శాతం.

ఈ ఆధారాలలో అత్యధికం విజ్ఞానశాస్త్ర, ఇంజనీరింగ్ విషయాల నుంచి వచ్చినవేనని ఇక్కడ చెప్పుకోవాలి. సాహిత్యం, చరిత్ర, తత్వశాస్త్రం వంటి విషయాల్లో చిన్న బృందంగా కూర్చుని చర్చించే సెమినార్ పద్ధతి పందొమ్మిదవ శతాబ్దపు జర్మన్ విశ్వవిద్యాలయాల కాలం నుంచీ ఉంది కాబట్టి అక్కడ ఈ వాదనకు కొంత వేరే రూపం ఉంటుంది.

లాభం అందరికీ సమానంగా పంచబడదు, ఈ అసమానత మాత్రం ఆహ్వానించదగినది. 2020లో ఎలీ థియోబాల్డ్ తదితరులు ప్రచురించిన సమీక్ష ప్రకారం ఉన్నత విద్యలో తక్కువ ప్రాతినిధ్యం ఉన్న వర్గాల విద్యార్థులకు, మిగతావారికి మధ్య పరీక్ష మార్కుల్లో ఉన్న అంతరం క్రియాశీల తరగతుల్లో దాదాపు మూడోవంతు తగ్గింది. దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. ఉపన్యాసం తరువాతి అభ్యాసమంతా ఇంటికి వదిలేసినప్పుడు, ఇంట్లో చదువుకున్నవారు, ట్యూటర్లు, తీరికగా కూర్చునే గది ఉన్న విద్యార్థి ముందుంటాడు. అభ్యాసం తరగతిలోనే జరిగినప్పుడు, తప్పు చేసిన క్షణాన సరిదిద్దే మనిషి అందరికీ దొరుకుతాడు. తొలితరం విద్యార్థులు పెద్ద సంఖ్యలో చేరే ఏ విశ్వవిద్యాలయమైనా బోధనా పద్ధతిని సామాజిక న్యాయానికి సంబంధించిన విషయంగా చూడవలసిన అవసరం ఉంది.

ఇంత లాభం ఉన్నా విద్యార్థులు ఈ పద్ధతులను ఎందుకు ఇష్టపడరు అనే ప్రశ్నకు 2019లో హార్వర్డ్‌లో లూయీ డెలోరియే బృందం చేసిన అధ్యయనం వెలుగు చూపింది. ఒకే పాఠ్యాంశాన్ని ఒక గుంపుకు నేర్పుతో కూడిన ఉపన్యాసంగా, మరొక గుంపుకు క్రియాశీల పద్ధతిలో బోధించి, తరువాతి పాఠానికి గుంపులను తారుమారు చేశారు. క్రియాశీల తరగతిలో కూర్చున్నవారు పరీక్షలో ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారు, కానీ తాము తక్కువ నేర్చుకున్నామని భావించారు. సాఫీగా సాగిపోయే ఉపన్యాసం వింటున్నప్పుడు అంతా అర్థమవుతున్నట్టే ఉంటుంది. స్వయంగా కుస్తీ పడుతున్నప్పుడు తెలియనిది అడుగడుగునా కనబడుతుంది, ఆ ఇబ్బందిని విద్యార్థి చదువు సాగకపోవడంగా పొరబడతాడు. అధ్యాపకుడి పనితీరును విద్యార్థుల అభిప్రాయ పత్రాల ఆధారంగానే అంచనా వేసే చోట, మెరుగ్గా నేర్పినవారికి తక్కువ రేటింగ్ వచ్చే ప్రమాదం దీనివల్ల ఏర్పడుతుంది. కోర్సు తొలి వారంలోనే ఈ విషయాన్ని విద్యార్థులకు వివరించి, ఒక చిన్న పరీక్షతో వారి కళ్లముందే నిరూపించడం ఈ ప్రతిఘటనను తగ్గిస్తుంది.

జ్ఞాపకశక్తిపై జరిగిన పరిశోధనలోనూ ఇదే వైరుధ్యం ఉంది. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ ఒక గద్యభాగాన్ని కొందరితో మళ్లీ మళ్లీ చదివించారు, మరికొందరితో ఒకసారి చదివించి ఆపైన మూడుసార్లు చూడకుండా గుర్తుచేసుకుని రాయించారు. అయిదు నిమిషాల తరువాత చూస్తే పదేపదే చదివినవారిదే పైచేయి. వారం తరువాత చూస్తే వారికి 40 శాతం గుర్తుంటే, గుర్తుచేసుకుని రాసినవారికి 61 శాతం గుర్తుంది. సెమిస్టర్ చివర ఒకే పెద్ద పరీక్ష పెట్టడం కంటే వారంవారం మార్కుల భయం లేని చిన్న పరీక్షలు పెట్టడం వెనుక ఉన్న తర్కం ఇదే. పరీక్షను కొలిచే సాధనంగా చూడటానికే అలవాటుపడిన వ్యవస్థలో, పరీక్ష స్వయంగా నేర్పుతుందనే అవగాహన ఇంకా లోతుగా నాటుకోలేదు.

తరగతి గది పరిధిని దాటి మొత్తం పాఠ్యప్రణాళికనే మార్చిన ప్రయత్నాలు అంతకు ముందే జరిగాయి. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాల 1969లో మొదటి బ్యాచ్‌ను చేర్చుకున్నప్పుడు, శరీరనిర్మాణ శాస్త్రం, శరీరధర్మ శాస్త్రం వంటి విడివిడి కోర్సుల స్థానంలో రోగి సమస్యలను పెట్టింది. చిన్న బృందం ఒక రోగి వివరాలు చదివి, తమకు తెలిసినదేమిటో, తెలియనిదేమిటో తేల్చుకుని, తెలియనిదాన్ని పంచుకుని చదివి వచ్చి మళ్లీ కూర్చుంటుంది, పక్కన ఉండే ట్యూటర్ జవాబు చెప్పకుండా ప్రశ్నలతో దారి చూపుతాడు. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయం ఈ సమస్యాధారిత అభ్యసనాన్ని వైద్యం నుంచి ఆర్థికశాస్త్రం, న్యాయశాస్త్రం దాకా విస్తరించింది. 1974లో ప్రారంభమైన డెన్మార్క్‌లోని ఆల్‌బోర్గ్ విశ్వవిద్యాలయం విద్యార్థి బృందాలు ప్రతి సెమిస్టర్‌లోనూ ఒక వాస్తవ సమస్యపై ప్రాజెక్టు చేసే విధానాన్ని తన పునాదిగా చేసుకుంది.

ఈ పద్ధతిపై వచ్చిన విమర్శను తేలికగా కొట్టిపారేయకూడదు. 2006లో పాల్ కిర్ష్‌నర్, జాన్ స్వెల్లర్, రిచర్డ్ క్లార్క్ రాసిన ఒక వ్యాసం, మార్గదర్శకత్వం లేకుండా సమస్యల్లోకి తోసేస్తే కొత్తగా నేర్చుకునేవారి పరిమితమైన తాత్కాలిక జ్ఞాపకశక్తి వెతుకులాటలోనే ఖర్చయిపోయి, నేర్చుకోవడానికి చోటు మిగలదని వాదించింది. సమస్యాధారిత అభ్యసనాన్ని కూడా అదే గాటన కట్టడం సరికాదని, అందులో ట్యూటర్ మార్గదర్శకత్వం పుష్కలంగా ఉంటుందని దానికి జవాబులు వచ్చాయి. ఇరువైపుల వాదనలను చదివిన తరువాత ఆచరణకు పనికివచ్చే నిర్ణయం ఒకటి కనిపిస్తుంది. విషయానికి పూర్తిగా కొత్తవారికి మొదట సాధించి చూపిన ఉదాహరణలు కావాలి, పునాది పడేకొద్దీ సహాయాన్ని క్రమంగా తగ్గిస్తూ సమస్యను వారి చేతుల్లోకి ఇవ్వాలి. మొదటి సంవత్సరంలోనే ప్రాజెక్టు ఇచ్చి వదిలేస్తే, బృందంలో ముందే తెలిసిన ఒకరిద్దరు పని చేసి మిగిలినవారు పేర్లు చేర్చుకోవడం దగ్గర అది ముగుస్తుంది.

పాఠాన్ని ఇంట్లో వీడియోగా చూసి, తరగతిలో అభ్యాసం చేసే తిరగేసిన తరగతి పద్ధతిని అర్థశాస్త్ర అధ్యాపకులు మారీన్ లేజ్, గ్లెన్ ప్లాట్, మైకేల్ ట్రెగ్లియా 2000 సంవత్సరంలోనే వర్ణించారు. ఇది ఎక్కడ విఫలమవుతుందో తెలుసుకోవడం మేలు. కొందరు వీడియో చూడకుండా వస్తారు. వారి కోసం అధ్యాపకుడు మళ్లీ మొదటి నుంచి చెబితే, చూసి వచ్చినవారు మరుసటి వారం నుంచి చూడటం మానేస్తారు. తరగతికి ముందే పూర్తిచేయవలసిన నాలుగైదు ప్రశ్నలు, వాటికి కొద్దిపాటి మార్కులు, ఆ జవాబులను చూసి ఆనాటి తరగతిని మలచుకునే అధ్యాపకుడు ఉంటే ఈ సమస్య చాలావరకు పోతుంది. వీడియో ఒక్కటే సరిపోతుందన్న ఆశకు భారీ ఆన్‌లైన్ కోర్సులు సమాధానం చెప్పాయి. 2011లో స్టాన్‌ఫర్డ్ నుంచి ఉచితంగా అందించిన కృత్రిమ మేధ కోర్సులో సుమారు 1,60,000 మంది చేరితే, పూర్తి చేసినవారు దాదాపు 23,000 మంది. అంతమందికి ఒకేసారి చదువు అందడం గొప్ప విషయమే, కానీ అప్పటికే డిగ్రీ ఉండి తమంతట తాము చదువుకోగలిగినవారికే ఇటువంటి కోర్సులు ఎక్కువగా అక్కరకు వచ్చాయి.

ఏ పద్ధతి తెచ్చినా చివరి పరీక్ష పాతదే అయితే విద్యార్థి ఆ పాత పరీక్షకే చదువుతాడు, అది అతని తప్పు కాదు. లక్ష్యం, బోధన, మూల్యాంకనం మూడూ ఒకే దిశలో ఉండాలనే సూత్రాన్ని 1996లో జాన్ బిగ్స్ స్పష్టంగా ప్రతిపాదించారు. విశ్లేషణ నేర్పుతామని కోర్సు పత్రంలో రాసి, నిర్వచనాలు రాయమని అడిగే ప్రశ్నపత్రం ఇస్తే, తరగతిలో జరిగిన చర్చలన్నీ విద్యార్థి దృష్టిలో కాలక్షేపంగా మిగులుతాయి.

అధ్యాపకుల వైపు నుంచి చూసినా ఇదే పరిస్థితి. పదోన్నతి పరిశోధన పత్రాలను బట్టి వచ్చే చోట, ఒక కోర్సును తిరగరాయడానికి వెచ్చించిన వంద గంటలకు లెక్క ఉండదు. భౌతికశాస్త్రంలో 2001 నోబెల్ బహుమతి పంచుకున్న కార్ల్ వీమన్ కొలరాడో, బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయాల్లో నడిపిన కార్యక్రమాల్లో, మార్పును వ్యక్తుల ఉత్సాహానికి వదలకుండా మొత్తం విభాగాన్నే ఒక యూనిట్‌గా తీసుకున్నారు. నిధులు విభాగానికి వెళ్లాయి, ఆ విభాగం బోధించే శాస్త్రంలోనే డాక్టరేట్ ఉండి బోధనా పరిశోధన తెలిసిన నిపుణులను విభాగంలో నియమించి, కోర్సులు మార్చుకునే ఆచార్యుల పక్కన కూర్చోబెట్టారు. రెండు రోజుల వర్క్‌షాప్‌కు హాజరై సర్టిఫికెట్ తెచ్చుకోవడం కంటే ఈ దారి ఖరీదైనది, కానీ మార్చిన కోర్సు ఆ ఆచార్యుడు వెళ్లిపోయాక కూడా విభాగంలో నిలిచే అవకాశం ఇందులోనే ఉంది.

2022 నవంబరు చివర చాట్‌జీపీటీ విడుదలైనప్పటి నుంచి, ఆలోచించే పని ఎవరు చేస్తున్నారన్న ప్రశ్న మరింత పదునెక్కింది. తుర్కియేలోని ఉన్నత పాఠశాల విద్యార్థులపై జరిగిన ఒక ప్రయోగంలో, సాధారణ చాట్‌బాట్ సాయంతో గణితం సాధన చేసినవారి సాధన మార్కులు 48 శాతం పెరిగాయి, ఆ సాయం లేకుండా పరీక్ష రాసినప్పుడు మాత్రం అసలు దాన్ని వాడనివారి కంటే 17 శాతం తగ్గాయి. జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా మలచిన చాట్‌బాట్ వాడినవారిలో ఈ నష్టం దాదాపుగా కనిపించలేదు. హార్వర్డ్ భౌతికశాస్త్ర తరగతిలో జాగ్రత్తగా రూపొందించిన కృత్రిమ మేధ ట్యూటర్‌తో విద్యార్థులు క్రియాశీల తరగతి కంటే తక్కువ సమయంలో ఎక్కువ నేర్చుకున్నారని మరొక ప్రయోగం చూపింది. సాంకేతికత మూడు సందర్భాల్లోనూ దాదాపు ఒకటే, తేడా అంతా అది విద్యార్థి చేత పని చేయించిందా, విద్యార్థి పనిని తానే చేసిపెట్టిందా అన్న దానిలో ఉంది.

ఇంటి దగ్గర రాసి తెచ్చే వ్యాసం ఇంతకాలం విద్యార్థి ఆలోచనకు సాక్ష్యంగా నిలిచింది, ఇప్పుడు ఆ సాక్ష్యం బలహీనపడింది. అందుకే తరగతిలోనే రాయించడం, చిత్తుప్రతులను దశలవారీగా చూడటం, రాసినదానిపై మౌఖికంగా ప్రశ్నించడం వంటి పాత పద్ధతులు మళ్లీ ముందుకు వస్తున్నాయి. వీటిలో మౌఖిక పరీక్ష అన్నిటికంటే నమ్మదగినది, విద్యార్థి ఆలోచన అధ్యాపకుడికి నేరుగా వినిపించేది కూడా. అయితే 200 మంది ఉన్న కోర్సులో ఒక్కొక్కరికి పది నిమిషాలు కేటాయిస్తే 33 గంటలకు పైగా పడుతుంది, అది ఒక అధ్యాపకుడి వారం పని దాదాపు మొత్తం. ఆ గంటలను బోధనా భారంలో భాగంగా లెక్కకట్టి, అందుకు సరిపడా మనుషులను నియమించే విభాగాల్లోనే ఆ పరీక్ష మొదటి సెమిస్టర్ తరువాత కూడా కొనసాగుతుంది.